బందరు కోటను పట్టించిన బురదదారి
264 మంది కాదు, మూడు వేలమంది కాపలా వున్న కోట ఒక్క రాత్రిలో చేతులు మారిన వైనం

మచిలీపట్నం నుంచి సముద్రం వైపు గిలకలదిండి దారిన పోతే బందరుకోట అనే వూరు వస్తుంది. పేరులో కోట వున్నా, కోట కోసం వెదికేవారికి నిరాశే. శిథిలమైన కొద్దిపాటి పాత కట్టడాలు, చుట్టూ ఉప్పునేల, ఆ పైన సముద్రపు గాలి. వలలు భుజాన వేసుకుని పోయే బెస్తవారు తప్ప ఆ దారిన పనిగట్టుకుని వచ్చేవారు తక్కువ.

కాని 1759 ఏప్రిల్ 7వ తేదీ రాత్రి ఈ చిత్తడినేల మీద జరిగిన పోరుతోనే కోస్తా జిల్లాలు ఎవరికి శిస్తు కట్టాలన్నది తేలిపోయింది. బొబ్బిలి యుద్ధం గురించి బుర్రకథ విననివారు మన పల్లెల్లో లేరు. పాపారాయుడి పేరు తెలియని పిల్లవాడు లేడు. ఆ బొబ్బిలి కథకు కొనసాగింపు బందరులో జరిగిందని మాత్రం చాలామందికి తెలియదు. బహుశా ఇక్కడ పాడుకోదగిన వీరుడెవరూ లేకపోవడం వల్ల కావచ్చు.

మూడు పేటల వూరు

బందరు అంటేనే రేవు. గోలకొండ నవాబుల కాలంలో ఇంతటి రేవు తూర్పు తీరంలో మరొకటి లేదు. ఇక్కడి అద్దకం బట్టల కోసం పరదేశాల వర్తకులు ఓడలు వేసుకుని వచ్చేవారు. 17వ శతాబ్దం మొదట్లోనే డచ్చివారు వచ్చి కొట్లు కట్టారు. 1611లో ఇంగ్లీషువారు దిగారు. 1669లో ఫ్రెంచివారికి కూడా గోలకొండ దర్బారు నుంచి అనుమతి దొరికింది. డచ్చివారిని మనవారు వలందులన్నారు, ఫ్రెంచివారిని పరాసులన్నారు. వలందపాలెం, పరాసుపేట, ఇంగ్లీషుపాలెం అని బందరులో పేటలకు పేర్లు అలా వచ్చినవే. ఆ మూడు జాతుల వారు పోయినా పేర్లు పోలేదు.

నూరేళ్ళకు పైగా వారు వర్తకులుగానే వున్నారు. నేతగాళ్ళకు బయానా ఇవ్వడం, బట్ట కొలుచుకోవడం, ఓడకెక్కించడం వారి పని. అధికారుల ముందు చేతులు కట్టుకుని నిలబడేవారే. 1628లో ఇక్కడి అధికారుల బాధ పడలేక ఇంగ్లీషువారు కొట్లు మూసుకుని నెల్లూరు సీమలోని దుగరాజపట్నానికి పోయి, నాలుగేళ్ళకు మళ్ళీ తిరిగివచ్చారు కూడా.

పరిస్థితి తిరగబడింది 1750లో. దక్కను సుబేదారీ కోసం నిజాం కుమారుల మధ్య, మనుమల మధ్య తగవులు రేగినప్పుడు ఫ్రెంచివారు ఒక పక్షం పట్టి, ఆ సందులో పుదుచ్చేరి నుంచి ఓడల మీద దండును పంపి బందరును పట్టుకున్నారు. 1753లో వారి సేనాని బుస్సీ అంతకంటే పెద్ద బహుమతి సంపాదించాడు. హైదరాబాదులో సలాబతుజంగుకు కాపలా కాస్తున్న తన సైన్యం జీతాల కింద కొండపల్లి, ఏలూరు, రాజమహేంద్రవరం, శ్రీకాకుళం సర్కారులను రాయించుకున్నాడు. అంటే కృష్ణా గోదావరి డెల్టా రైతు కల్లంలో కొలిచిన ధాన్యం ఫ్రెంచి సిపాయి జీతం అయిందన్నమాట.

బొబ్బిలి తర్వాత

1757 జనవరిలో బుస్సీ ఫిరంగులు బొబ్బిలి కోటను నేలమట్టం చేశాయి. విజయనగరం ప్రభువు విజయరామరాజును ఆయన డేరాలోనే తాండ్ర పాపారాయుడు పొడిచి చంపాడు. విజయరామరాజు తర్వాత గద్దెనెక్కిన ఆనందగజపతిరాజుకు బుస్సీ తనకు చేసిన ఏర్పాట్లు నచ్చలేదు. సమయం కోసం కాచుకుని కూర్చున్నాడు.

ఆ సమయం 1758లో వచ్చింది. ఇంగ్లండుకూ ఫ్రాన్సుకూ అప్పటికే యుద్ధం. ఐరోపాలో, అమెరికాలో, మన దేశంలో ఒకే సారి జరిగిన యుద్ధమిది. అమెరికా అడవుల అంచున కట్టిన కోటల చుట్టూ ఏ రెండు జెండాలు కొట్టుకుంటున్నాయో, బందరు ఇసుకదిబ్బల మీద కొట్టుకున్నవీ ఆ రెండే. పుదుచ్చేరికి కొత్తగా వచ్చిన లాలీ మద్రాసును ముట్టడించాలన్న ఆత్రంతో బుస్సీని దక్కను నుంచి వెనక్కు పిలిపించాడు. సర్కారులు కాన్‌ఫ్లాన్స్ అనే అధికారి చేతిలో పెట్టి బుస్సీ వెళ్ళిపోయాడు. ఇంతకంటే తెలివితక్కువ పని లాలీ మరొకటి చేయలేదనాలి. బుస్సీకి ఈ దేశపు రాజుల లోగుట్టు తెలుసు. కాన్‌ఫ్లాన్స్‌కు తెలియదు.

ఆనందరాజు వెంటనే విశాఖపట్నంలో ఫ్రెంచి జెండా దింపేసి, సహాయం కోరుతూ ఇంగ్లీషువారికి రాశాడు. మద్రాసువారు తమ పనే తమకు చాలక కుదరదన్నారు. బెంగాలులో వున్న క్లైవు మాత్రం ఒప్పుకున్నాడు. కర్నల్ ఫోర్డు నాయకత్వాన 500 మంది తెల్లసిపాయీలు, 2000 మంది నల్లసిపాయీలు ఓడలెక్కి అక్టోబరులో విశాఖపట్నంలో దిగారు. ఒక ముచ్చట చెప్పుకోవాలి. క్లైవు మొదట బెంగాలుకు తీసుకుపోయిన సిపాయీలు దక్షిణాది నుంచి పోయినవారు కావడంతో బెంగాలులో కంపెనీ సిపాయి ఎవడైనా వాణ్ణి తిలంగా అనే పిలిచేవారు. ఆ తిలంగాల పలటం ఇప్పుడు తెలుగుదేశానికి వచ్చింది.

రాజుకూ కంపెనీకీ ఒప్పందం కుదిరింది. దండు ఖర్చులకు నెలకు 50 వేల రూపాయలు రాజు ఇవ్వాలి. దోపిడి సొమ్ము చెరిసగం. గెలిచిన నేలలో లోపలి పరగణాలు రాజుకు, రేవులూ సముద్రతీరమూ కంపెనీకి. కాగితం మీద రాజుకే ఎక్కువ వచ్చినట్టు కనిపిస్తుంది. ఓడల రాకపోకలన్నీ ఎవరి గుప్పిట్లో వుంటే చివరికి లోపలి నేల కూడా వారిదే అవుతుందని ఆ రోజు రాజుకు తోచలేదు.

డిసెంబరులో పిఠాపురం దగ్గర చందుర్తి పొలాల్లో రెండు దండులూ తారసిల్లాయి. ఫోర్డు తన నల్లసిపాయీలకు కూడా తెల్లవారి మాదిరి ఎర్రకోట్లు తొడిగించాడు. కాన్‌ఫ్లాన్స్ వారిని తెల్లపటాలం అనుకుని తన బలగాన్ని వారి మీదికి తోలాడు. అసలు తెల్లపటాలం పక్కనుంచి విరుచుకుపడింది. ఫ్రెంచివారి ఫిరంగులు ముప్పైకి పైగా ఇంగ్లీషువారి చేతికి చిక్కాయి. కాన్‌ఫ్లాన్స్ గుర్రమెక్కి రాజమహేంద్రవరం పారిపోయి, అక్కడా నిలవక బందరు చేరాడు.

జీతాలు లేని దండు

వెంటనే తరిమి వుంటే బందరు అప్పుడే పడిపోయేది. కాని రాజు డబ్బు ఇవ్వలేదు. ఇస్తానన్నాడు, రేపన్నాడు, ఎల్లుండన్నాడు. మన పల్లెల్లో అప్పు ఎగవేసేవాడి మాటలన్నీ ఆయన దగ్గర వున్నాయి. ఫోర్డు దగ్గర బియ్యానికి, బళ్ళకు సరిపడా పైకం లేదు. విశాఖపట్నం నుంచి ఇంగ్లీషు దొర ఒకరు వచ్చి రాజీ చేశాడు. రాజు ఇచ్చేది ఖర్చు కింద కాదు, అప్పు కింద లెక్కగట్టేటట్టు ఒప్పందాన్ని మార్చారు. ఈ బేరసారాల్లోనే దాదాపు రెండు నెలలు గడిచిపోయాయి. ఫిబ్రవరిలో దండు ఏలూరు చేరింది. మార్చి 6న బందరు ముందు దిగింది.

కాన్‌ఫ్లాన్స్ పట్నాన్ని వదిలిపెట్టి కోటలోకి వెళ్ళి తలుపులు మూసుకున్నాడు. కోటకూ పట్నానికీ మధ్య సుమారు మైలున్నర దూరం. ఆ మధ్యంతా చిత్తడి. దాని మీద కోట ద్వారం దాకా ఒకే ఒక గట్టుదారి. దక్షిణాన సముద్రపు కయ్య, తక్కిన మూడు వైపులా బురద. ఇటుక కట్టిన మట్టి గోడలు, పదకొండు బురుజులు, నీటి కందకం. తూర్పు వైపు సముద్రం దగ్గర మాత్రం కొంత పొడి ఇసుకనేల వుంది. ఫోర్డు అక్కడే డేరాలు వేసి ఫిరంగి మెరకలు కట్టించాడు.

లోపల వున్నవారు బయట వున్నవారికంటే ఎక్కువ. అంతేకాదు, బయట వున్నవారికి నాలుగు వైపులా ప్రమాదం. ఫ్రెంచివారి మరో దండు వెనకనుంచి వచ్చి రాజమహేంద్రవరాన్ని తిరిగి పట్టుకుంది. దానితో బెంగాలు నుంచి వచ్చిన డబ్బు ఫోర్డుకు చేరే దారి మూసుకుపోయింది. ఫ్రెంచివారు తన స్నేహితులు కాబట్టి వారిని కాపాడతానంటూ సలాబతుజంగు 15 వేల గుర్రంతో, 20 వేల కాల్బలంతో బెజవాడ వైపు కదిలాడు.

ఫోర్డు తన అధికారుల సొంత డబ్బు అప్పు తీసుకున్నాడు. అది చాలక సిపాయీలకు పంచవలసిన దోపిడి వాటాను కూడా ఖర్చు పెట్టేశాడు. మార్చి మూడో వారంలో ఒకరోజు తెల్లసిపాయీలందరూ తుపాకులు పట్టుకుని బారులు తీరారు. మా వాటా మాకివ్వండి, కోట పడితే అందులో సొమ్మంతా మాదేనని మాటివ్వండి, లేకుంటే మా దారిన మేం పోతామన్నారు. ఫోర్డు కసరలేదు. వారిలో పెద్దలను కొందరిని పిలిచి, కంపెనీ నిబంధన ప్రకారం సగమే మీదయినా, మిగతా సగం కూడా మీకిప్పించమని రాస్తానని చెప్పి శాంతపరిచాడు. చేతిలో కానీ లేనివాడు కసరి సాధించేదేముంది?

సలాబతుజంగు వస్తున్నాడన్న వార్తకు ఎక్కువ భయపడినవాడు ఆనందరాజు. ఇంగ్లీషువారిని వదిలి రమ్మని సుబేదారు నుంచి ఆజ్ఞ వచ్చింది. ఒక రాత్రి చెప్పాపెట్టకుండా తన దండుతో ఇంటిదారి పట్టాడు. ఫోర్డు వెనకే మనుషులను పంపి కబురు చెప్పించాడు: ‘ఎక్కడికి పోతావు? ఒకవైపు సుబేదారు గుర్రం, మరోవైపు రాజమహేంద్రవరంలో ఫ్రెంచివారు. మధ్యలో చిక్కితే నీ గతి ఏమిటి? మా పక్కన వుంటేనే నీకు బతుకు’ అన్నది దాని సారాంశం. రాజు ఆలోచించి వెనక్కు వచ్చాడు. సుబేదారుతో మాటలు జరుపుతూ కాలం గడపడానికి ఫోర్డు జాన్‌స్టన్ అనే దొరను ఆయన విడిదికి పంపాడు.

నౌకర్లు చెప్పిన మాట

మార్చి 25 నుంచి ఫిరంగులు కోట గోడల మీద గుళ్ళు కురిపిస్తున్నాయి. పగలు కూలినదాన్ని లోపలివారు రాత్రి పూడుస్తున్నారు. ఏప్రిల్ 7న ఫిరంగి దళపు అధికారులు వచ్చి, మందుగుండు ఇక రెండు రోజులకే వుందన్నారు. మందు అయిపోతే తిరిగి పోవడానికి దారి కూడా లేదు. ఫోర్డు ఆ రాత్రికే ఎక్కుడు అని నిర్ణయించాడు.

ఇక్కడే ఈ కథలో మనవాళ్ళు వస్తారు. కెప్టెన్ యార్క్ దగ్గర పనిచేసే స్థానిక నౌకర్లలో కొందరు ఒకప్పుడు బందరులో బతికినవారు. కోటలో పనికి పోయే కూలివాళ్ళు నైరుతి బురుజు వైపు బురదలో దిగి నడిచిపోవడం తాము చూశామని వారు చెప్పారు. ఆ వైపు బురదే పెద్ద కాపలా అనుకుని ఫ్రెంచివారు గట్టి ఏర్పాటు చేసుకోలేదు. గట్టుదారిన చుట్టి పోలేక దగ్గరదారి పట్టిన కూలివాడి అడుగుజాడ మ్యాపులో వుండదు కదా. యార్క్, నాక్స్ అనే ఇద్దరు కెప్టెన్లు రాత్రిపూట కొంతమంది సిపాయీలతో వెళ్ళి దిగి చూశారు. నడవడం కష్టమే గాని మనిషి మునిగిపోడని తేలింది.

ఆ నౌకర్ల పేర్లు ఎవరూ రాయలేదు. ఈ ముట్టడి గురించి ఇంగ్లీషు గ్రంథాల్లో కెప్టెన్ల పేర్లన్నీ వరసగా వుంటాయి.

ఏర్పాటు ఇలా జరిగింది. నాక్స్ 700 మంది సిపాయీలతో నైరుతి వైపు బురదలో నడిచిపోయి అలజడి చేయాలి. ఆనందరాజు మనుషులు గట్టుదారిన ద్వారం వైపు కేకలు పెడుతూ పోవాలి. ఈ రెండూ కన్నుగప్పే పనులు. అసలు దండు ఈశాన్యపు బురుజు దగ్గర పడిన గండిగుండా లోపలికి దూరాలి. అసలు దండులోనూ నాక్స్ వెంటా కలిపి తెల్లవారు 346 మంది, సిపాయీలు 1400 మంది. ఆటు దిగిపోయి కందకంలో నీరు తగ్గే వేళ చూసుకుని అర్ధరాత్రి కదిలారు.

బయలుదేరే సమయానికి కెప్టెన్ కాలెండర్ అనే అధికారి కనిపించలేదు. ఎంత వెదికినా దొరకలేదు. ఆయన లేకుండానే దండు నడిచింది. మోకాలిలోతు బురద, ఆ పైన కందకం. కర్రల కంచె నరుకుతుండగానే లోపలివారు పసిగట్టి కాల్పులు మొదలుపెట్టారు. అదే సమయానికి నాక్స్ వైపు, రాజు మనుషుల వైపు కూడా తుపాకులు మోగాయి. కాన్‌ఫ్లాన్స్‌కు శత్రువు ఏ వైపు వున్నాడో అర్థం కాలేదు. ఏ బురుజు నుంచి కబురు వస్తే అటు మనుషులను పంపుతూ తాను మాత్రం తన విడిదిలోనే వుండిపోయాడు.

గండి ఎక్కిన దండు రెండుగా చీలి, గోడ వెంట ఒక్కొక్క బురుజూ పట్టుకుంటూ పోయింది. యార్క్ వెంట వున్నవారు ఒక మందుగుండు కొట్టు దగ్గరకు వచ్చేసరికి ఎవడో ‘మందుపాతర, మందుపాతర’ అని అరిచాడు. అంతే, అందరూ వచ్చినదారినే వెనక్కు పరుగెత్తారు. యార్క్ పక్కన నిలబడినవారు డోలు కొట్టే నల్లపిల్లలు ఇద్దరే. ఆ పిల్లలు డోలు ఆపలేదు. యార్క్ పరుగెత్తి పోయి పారిపోయేవారిని బెదిరించి, బతిమాలి కొంతమందిని మళ్ళించుకు వచ్చాడు. ముందుకు పోతూ వుండగా ఎదురుగా ఫిరంగి పేలింది. డోలు పిల్లలిద్దరూ అక్కడే చనిపోయారు. యార్క్ రెండు తొడల్లోనుంచీ గుళ్ళు దూసుకుపోయాయి. ఆయన బతికాడు.

కనిపించకుండా పోయిన కాలెండర్ పోరు ముగిసే వేళకు ఎక్కడినుంచో ఊడిపడి, తన దళం ముందు నిలబడ్డాడు. నిలబడిన కాసేపటికే గుండు తగిలి చనిపోయాడు. ఆ తర్వాత మరి కాల్పులు లేవు. అంతసేపు ఆయన ఎక్కడున్నాడో ఎవరికీ తెలియలేదు.

మర్యాదగా లొంగుతాం, షరతులు చెప్పమని కాన్‌ఫ్లాన్స్ కబురు పంపాడు. షరతులేమీ లేవు, వెంటనే ఆయుధాలు పడవేయకపోతే ఒక్కరినీ మిగల్చనని ఫోర్డు జవాబు. ఆయుధాలు పడ్డాయి. తెల్లవారి లెక్క చూసుకుంటే పట్టుబడ్డ తెల్లవారు 500 మంది, సిపాయీలూ ఇతరులూ 2537 మంది. పట్టుకున్నవారికంటే పట్టుబడ్డవారే ఎక్కువ. కోటలో 120 ఫిరంగులు దొరికాయి. ఇంగ్లీషువారి వైపు తెల్లవారు 22 మంది, సిపాయీలు 50 మంది చనిపోయారు. గాయపడ్డవారు రెండువందల పైచిలుకు.

వారం తిరగకముందే, ఏప్రిల్ 15న, పుదుచ్చేరి నుంచి 300 మంది సైన్యంతో రెండు ఫ్రెంచి ఓడలు బందరు ముందు కనిపించాయి. కోట మీద జెండా మారిపోయింది. ఓడలు గంజాం వైపు సాగిపోయాయి. ఆ ఏడాదే సెప్టెంబరులో కెనడాలోని క్వెబెక్ కోట కూడా ఫ్రెంచివారి చేయి జారింది.

ఎవరికేం మిగిలింది

సలాబతుజంగు రక్షించడానికి వచ్చిన స్నేహితులు ఖైదీలయ్యారు. అటు హైదరాబాదు మీదికి తమ్ముడు నిజామలీ వస్తున్నాడన్న కబురు అందింది. దానితో గెలిచినవారితోనే చెయ్యి కలిపాడు. మే 14న జరిగిన సంధి ప్రకారం బందరు, నిజాంపట్నం, వాటికి చేరిన పరగణాలు ఇంగ్లీషువారికి వచ్చాయి. తీరం వెంట 80 మైళ్ళు, లోపలికి 20 మైళ్ళ నేల. ఏడాదికి 4 లక్షల రూపాయల రాబడి. ఫ్రెంచివారిని తన కొలువు నుంచి పంపివేస్తానని మాట కూడా ఇచ్చాడు. రెండేళ్ళకు ఆ తమ్ముడే ఆయన్ని ఖైదు చేశాడు.

ఆ సంధిలో ఆనందరాజుకు దక్కినది చెప్పుకోదగ్గది ఏమీ లేదు. ఇంగ్లీషువారిని పిలిపించినవాడాయన. అప్పుగానో సప్పుగానో కొంత డబ్బు ఇచ్చినవాడూ ఆయనే. ఇంటికి పోయిన మరుసటి ఏడాది, 1760లో, మశూచి సోకి రాజమహేంద్రవరంలో చనిపోయాడు. ఫోర్డుకూ కంపెనీ డైరెక్టర్లు ఆశించిన పదవి ఖాయం చేయలేదు. పదేళ్ళ తర్వాత ఆయన ఎక్కిన ఓడ ఇండియాకు వస్తూ సముద్రంలో ఆనవాలు లేకుండా పోయింది.

1765లో ఢిల్లీ పాదుషా ఫర్మానా, 1766లో నిజామలీతో ఒప్పందం వచ్చి గుంటూరు మినహా సర్కారులన్నీ కంపెనీ పరమయ్యాయి. గుంటూరు 1788లో చేరింది. ఇందుకు నిజాముకు ఏటేటా కట్టవలసిన సొమ్మును కూడా 1823లో ఒక్కసారే చెల్లించి కంపెనీ ఆ బాకీ తెంపుకుంది. సర్కారు జిల్లాలు అని నేటికీ అంటున్నమాట ఆనాటిదే.

ఇంతమంది ప్రాణాలు పోసి పట్టుకున్న కోటను చివరికి ఖాళీ చేయించింది సముద్రం. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి వచ్చిన ఉప్పెనలో 13 అడుగుల ఎత్తున నీరు విరుచుకుపడింది. బందరులోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ సుమారు 30 వేలమంది కొట్టుకుపోయారు. ఆ దెబ్బతో కోటలోని పటాలాన్ని ఎత్తివేశారు. ఫిరంగులకు నిలిచిన గోడలను ఇటుక ఇటుకగా కాలం తీసుకుపోయింది.

డచ్చివారు తమ చోటును 1825లో ఇంగ్లీషువారికి అప్పగించి పోయారు. ఫ్రెంచివారు మాత్రం కోట పోగొట్టుకున్నా, తర్వాతి సంధుల పుణ్యాన పరాసుపేటలో కొద్దిపాటి జాగా మీద హక్కు నిలుపుకున్నారు. సర్కారులన్నీ ఏలినవారికి మిగిలినది ఆ కాస్త నేల. చుట్టూ ఇంగ్లీషు రాజ్యం, మధ్యలో ఆ ముక్క ఫ్రాన్సుది. మనకు స్వాతంత్ర్యం వచ్చిన తర్వాత, 1947 అక్టోబరులో, దాన్ని కూడా భారత ప్రభుత్వానికి అప్పగించారు.